వడపోత పళ్ళెం

పోయిన నెలలో బెంగుళూరు నుంచి ఒక కుర్రవాడు కుప్పంలోని మా ఇంటికి వచ్చాడు. మర్యాద తెలిసినవాడు. చెప్పులు వాకిట్లోనే విడిచి, "శేఖర్ సార్ చెల్లెలు నాగరత్నమ్మ గారు మీరేనా అండీ?" అని అడిగాడు. శేఖర్ మా అన్న. పోయి ఏడాది కావస్తోంది. ఇళ్ళల్లో, తోటబంగళాల్లో సొంతంగా బీరు కాచుకునేవాళ్ళకు సామాన్లు తయారుచేసే కంపెనీలో అన్న చివరిదాకా పనిచేశాడు. వాళ్ళిప్పుడు కొత్త భవనం కట్టుకున్నారట. మొట్టమొదటి వడపోత పళ్ళేన్ని అద్దాల పెట్టెలో పెట్టి, దాని కింద అన్నను గురించి నాలుగు మాటలు రాస్తారట. ఆ నాలుగు మాటల కోసం వచ్చాడు. కాఫీ తాగుతూ, నన్నడగడానికి వచ్చినవాడు తనకు తెలిసిన కథ నాకే చెప్పాడు. "వంటింట్లో అమ్మగారు మురుకులు ఒత్తుతుంటే చూసి సార్‌కి ఆ ఐడియా వచ్చిందట కదండీ! ఏం బుర్ర అండీ అది!" అన్నాడు. నేను తల ఊపాను. ఇంకో రెండు మాటలు నా నోటితో అన్నని పొగిడి పంపించాను. అతను వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. ఆ రోజు మురుకులు ఒత్తింది మా అమ్మ కాదు, నేను. చూసిందీ నేనే. అన్న ఆ పూట ఊళ్ళోనే లేడు. పళ్ళెం తీసుకుపోయాడని తెలుసు గానీ, మురుకుల గొట్టం కూడా తీసుకుపోయాడని ఈ కుర్రవాడు వచ్చిన రోజే నాకు తెలిసింది.

మాది పుంగనూరు. ఇంటి ముందు భాగంలో మా నాయన పాత్రల అంగడి, వెనక మేము. అంగడంటే కొత్త స్టీలు వాసన, పాత్రల మధ్య కుక్కిన వరిగడ్డి వాసన, పాత ఇత్తడి బిందెలకు చింతపండు పెట్టి తోమినప్పటి పులుపు వాసన. నాయన ఏ పాత్రనైనా వేలి కణుపుతో ఒకసారి కొట్టి, ఆ శబ్దం విని, దాని మందం చెప్పేవాడు. భోజనానికి కూర్చున్నా కంచాన్ని ఒకసారి అలా కొట్టందే అన్నం పెట్టించుకునేవాడు కాదు. మా అమ్మ మాట్లాడటం తక్కువ. ఆమె కోపమూ సంతోషమూ గిన్నెలు దించే శబ్దంలో తెలుసుకోవాల్సిందే. నాయన తల్లి, మా అవ్వ, పొయ్యి పక్కన పీట వేసుకుని పొద్దంతా అక్కడే ఉండేది. ఆమె చేతిలో సంగటి కట్టె ఉండేది. రాగిపిండి ఉడికే ఏ కుండనూ ఊరికే ఉండనిచ్చేది కాదు. కలపకపోతే అడుగంటుతుందని ఆమె భయం. తన కుండా, పరాయి కుండా అనే భేదం లేదు. పేరంటానికి పోయిన ఇంట్లో కూడా వంటగదిలోకి తొంగిచూసి, ఒకసారి కలిపి వచ్చేది.

మా అన్న బెంగుళూరు దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉండేవాడు. ఆ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. "కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీ" అని చెప్పేవాళ్ళం. నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో సారాయి మీద ఊరూరా ఆడవాళ్ళు తిరగబడ్డారు, తర్వాత నిషేధం వచ్చింది, అదీ పోయింది. ఆ నిషేధపు రోజుల్లో మా వైపు మగవాళ్ళు బస్సెక్కి కర్ణాటకలో దిగి, తాగి, తిరిగి బస్సెక్కేవాళ్ళు. ఆ ఆఖరి బస్సును మా వీధిలో 'తూగే బస్సు' అనేవాళ్ళు. ఇలాంటి వీధిలో బీరు వేరు, బ్రాందీ వేరు అని చెప్పినా వినేవాళ్ళు లేరు. మత్తు ఉన్నది ఏదైనా సారాయే. ఆ ఒక్క మాటకు నా బతుకు ఎంత బాకీ పడుతుందో నాకప్పుడు తెలియదు.

నిషేధం పోయిన కొన్నేళ్ళకు అన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఒక ట్రంకు పెట్టె, ఒక పొడుగు థర్మామీటరు, ఒక కవరు నిండా బీరులో వేసే ఎండిన చేదు పూలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆ పూలు వేపపూత లాగా ఉండి, అంతకంటే ఘాటుగా వాసన వేసేవి. బెంగుళూరులో ఒక ఆసామి చిన్న చిన్న బీరు సామాన్లు తయారుచేసి అమ్మాలని చూస్తున్నాడని, మామూలుగా వాడే బార్లీ బదులు మన రాగులతో కాచే సామాను చేసి చూపిస్తే తనను భాగస్తుడిగా చేర్చుకుంటానన్నాడని చెప్పాడు. నాయన మొదట అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "మన ఇంట్లో సారాయి కాస్తావా? ఎక్సైజు జీపు వచ్చి వాకిట్లో నిలబడితే నేను మొగం యాడ పెట్టుకునేది?" అన్నాడు. అన్న తెలివైనవాడు. నాయన చెవికి ఇంపైన మాట ఏదో వాడికి తెలుసు. "సారాయి కాదు నాయనా. మనం పాత్ర మాత్రమే సేసిస్తాం. పాత్రలో ఏం కాసుకుంటారో కొన్నోళ్ళ ఇష్టం. నువ్వు బిందె అమ్మితే దాంట్లో వాళ్ళు ఏం పోసుకుంటారని అడగతావా?" అన్నాడు. నాయన అంగట్లోంచి పెద్ద అల్యూమినియం డేకిసా తీసి, వేలితో కొట్టి చూసి, ఇచ్చాడు.

అదే ఎండాకాలం నేను మదనపల్లెలో ఇంటర్ ముగించి ఎంసెట్ రాశాను. కుప్పం ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ సీటు వచ్చింది. నాకు చిన్నప్పటినుంచీ పాత్రల అంగడే బడి. మూత ఎందుకు సరిగా కూర్చోదు, కుక్కరు విజిల్ ఎందుకు ఆగిపోతుంది అని విప్పి చూడటం నా పిచ్చి. మెకానికల్ అనే మాట వింటే నాకు ఒళ్ళు పులకరించేది. నాయనకు ఒళ్ళు మండింది. "ఆడబిడ్డ సుత్తి పట్టుకోని యాడ తిరగతాది? మదనపల్లెకు బస్సు ఉండాది, బీకాం సదువుకో, సాయంత్రానికి ఇంటికొస్తావు" అన్నాడు. నేను రెండు పూటలు అన్నం తినలేదు. అప్పుడు అన్న నా దగ్గర కూర్చుని చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఈ ఏడు పోనీలేమ్మా. మళ్ళీ రాయి. నీకు సీటు యాడికీ పోదు. ఈ ఏడంతా నాకు తోడుండు. నా వడపోత పళ్ళెం దారికొస్తే నాయన నా మాట ఇంటాడు. నేనే నీ పెట్టె మోసుకోని నిన్ను కుప్పం పంపిస్తా, సూడు." నేను కళ్ళు తుడుచుకుని లేచాను. ఆ ఏడాది నేను చేసిన పనంతా బీరు కోసం కాదు, అన్న కోసం కూడా కాదు. కుప్పం కోసం.

ఆ పని ఏమిటో చెప్పాలి. రాగులు నానబెట్టి, తడి గోనెలో కట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, మొలకలు నలిపేసి, దోరగా వేయించి పట్టిస్తే మాల్ట్ అవుతుంది. మా ఇళ్ళల్లో చంటిబిడ్డలకు కాచి పోసేది అదే. దాన్ని వేడినీళ్ళలో కలిపి, మరీ కాలకుండా, మరీ చల్లారకుండా చాలాసేపు ఉంచితే పిండి తీపిగా మారుతుంది. అప్పుడు వడకట్టి తేట తీయాలి. ఆ తేటను చేదు పూలతో మరిగించి, చల్లార్చి, పులియబెడితే బీరు. పులియనంత వరకు అందులో మత్తు అనేదే ఉండదు, తియ్యటి కషాయం మాత్రమే. బార్లీ గింజకు గట్టి పొట్టు ఉంటుంది కాబట్టి ఆ పొట్టే జల్లెడలా పరుచుకుని తేటను వదులుతుంది. రాగి గింజ ఒంటి మీద ఏమీ లేనిది. తడిస్తే బంకలా పట్టుకుంటుంది. బెంగుళూరు ఆసామికి కావలసిందల్లా ఈ బంకలోంచి తేట తీసే పళ్ళెం.

అన్న మదనపల్లెలో ఒక వెల్డింగు షాపులో పళ్ళేనికి సన్నటి గుండ్రటి రంధ్రాలు వేయించి, డేకిసా అడుగున కాళ్ళ మీద నిలబెట్టి, కింద కొళాయి పెట్టించాడు. పళ్ళెం మీద అమ్మ పాత నూలుచీర పరిచాం. మొదటిసారి కొళాయి తిప్పితే నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. చీరను పిండితే తెల్లటి గంజి వచ్చింది. డేకిసాలో మిగిలింది అచ్చం సంగటి. అవ్వ వేలితో తీసి నాకి చూసి, "దీన్ని వడకట్టేది యాల్రా శేఖరా? ముద్ద సేసి చెనక్కాయల ఊరిబిండి నంజుకోని తినేదానికి!" అంది. అమ్మ కూడా నవ్వింది. అన్న నవ్వలేదు. తిట్టుకుంటూ చీరను పెరట్లో విసిరేశాడు.

ఆ రోజునుంచి నేను పట్టుకున్నాను. మొదటి తప్పు మర దగ్గర దొరికింది. మా ఊళ్ళో రాగులు తీసుకుపోతే మరాయన అడగనే అడగడు, సంగటికని మెత్తగా పట్టేస్తాడు. అన్న ఒక్కసారి కూడా అక్కడ నిలబడి చూడలేదు. నేను పోయి రవ్వగా పట్టమంటే ఆయన చేతులు నడుముకు పెట్టుకున్నాడు. "రాగులు రవ్వ పడితే సంగటి యాడ కట్టుకుంటాదమ్మా? మీ అవ్వ వచ్చి నన్ను తంతాది" అన్నాడు. కట్టుకోకూడదనే రవ్వ పట్టమంటున్నానని చెప్పి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. రెండోది ఊక. మదనపల్లె దారిలో ఒక రైసుమిల్లు వెనక ఊక కుప్ప ఉండేది. వాన కురిసిన రోజున బురదనీళ్ళు ఒక పక్క కుప్పలోకి దూరి ఇంకో పక్క తేటగా బయటికి రావడం బస్సు కిటికీలోంచి చూశాను. రాగులకు పొట్టు లేకపోతే వడ్ల పొట్టు అరువు ఇద్దామని తోచింది. ఊకను కడిగి, ఉడకబెట్టి వార్చి, రాగిరవ్వలో కలిపాం. తేట కొంచెం ఎక్కువ దిగింది. అన్నకు అప్పటికి నమ్మకం కుదిరింది. కానీ సగం దిగి మళ్ళీ ఆగిపోయేది. పళ్ళెం తీసి ఎండలో పట్టి చూస్తే ప్రతి రంధ్రంలో ఒక గింజ ముక్క గోలీలాగా కూర్చుని ఉండేది. సూదితో ఒక్కొక్కటీ పొడవడం నా పని. రంధ్రం పెద్దది చేస్తే గింజలు కిందికి జారిపోయేవి, చిన్నది చేస్తే మూసుకుపోయేది. ఇలా కొన్ని నెలలు గడిచాయి. నా స్నేహితురాళ్ళు కాలేజీల్లో చేరి, బస్సులో కనిపించి, "నువ్వేం సేస్తాండావే?" అని అడిగితే, "ఊరికే ఉండాను" అనేదాన్ని.

అవ్వ సంగతి కూడా చెప్పాలి. రవ్వ, ఊక కుదిరి ఒకరోజు తేట సన్నటి ధారగా దిగుతోంది. మేమిద్దరం గ్లాసు కోసం లోపలికి పోయి వచ్చేలోగా ధార ఆగిపోయింది. చూస్తే అవ్వ డేకిసా మూత తీసి, సంగటి కట్టెతో అడుగునుంచీ కలుపుతోంది. పళ్ళెం మీద పరుచుకున్న ఊక మొత్తం చెదిరి, గంజి కిందికి దిగి బిగుసుకుపోయింది. అన్న నెత్తి బాదుకున్నాడు. అవ్వ మాత్రం, "రాగులు పొయ్యిమీందనుంచి దించినాక కలపకుండా వదిలేసి పోయినారు, మీకేమైనా బుద్ధుండాదా? అడుగంటి ఉంటే ఎవురు తోమేది?" అని మమ్మల్నే తిట్టింది. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెయ్యి ఆగేది కాదు. చివరికి డేకిసా మూతకు అంగట్లోంచి తాళం కొండీ తెచ్చి బిగించాము. కదపకపోవడమే ఈ వంటలో అసలు పని అని చెబితే, తెలిసిన వంటలన్నీ కలిపే వంటలే అయిన ఆమెకు ఎలా నమ్మకం కుదురుతుంది? అవ్వ మీద నాకు కోపం లేదు. ఆ ఇంట్లో నా పనిని పాడుచేసినవాళ్ళలో తెలియక చేసింది ఆమె ఒక్కతే.

మురుకుల రోజు వచ్చింది. అన్న బెంగుళూరు పోయి ఉన్నాడు. మేనత్త కూతురి సీమంతానికి అమ్మ నన్ను మురుకుల గొట్టంతో కారప్పూస ఒత్తమంది. పిండిలో నువ్వులు పడ్డాయి. సన్న రంధ్రాల బిళ్ళ వేసి ఒత్తితే ఒక్కో రంధ్రంలో ఒక్కో నువ్వు అడ్డం కూర్చుని, చేతులు పడిపోయేట్టు నొక్కినా పిండి దిగలేదు. విసుగు పుట్టి ఆ బిళ్ళ తీసి, రిబ్బను పకోడీకి వాడే పొడుగు సందు బిళ్ళ వేశాను. నువ్వులతో సహా సుతారంగా దిగిపోయింది. నూనెలో రిబ్బను పడుతోంది, నేను అలాగే చూస్తున్నాను. గుండ్రటి రంధ్రానికి గుండ్రటి గింజ సరిగ్గా మూత అవుతుంది. పొడుగు సందును ఒక్క గింజ ఎలా మూస్తుంది? ఒక చోట కూర్చున్నా పక్కన దారి ఉంటుంది. "అమ్మా, సందు!" అని అరిచాను. అమ్మ ఉలిక్కిపడి, "మాడతాండాది సూడే!" అని నూనెలో ఉన్నది తీసేసింది. ఆ రోజు మధ్యాహ్నమే అంగట్లోంచి కొత్త పళ్ళెం తీసుకుని, ఇనుము కోసే రంపపు బ్లేడుతో నా చేత్తో నేనే సందులు కోశాను. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. నాయన చూసి, పళ్ళెం పాడుచేశావని అన్నాడు గానీ ఆపలేదు.

అన్న వచ్చాక కొత్త పళ్ళెంతో తేట దించాం. కొళాయిని ఒకేసారి తిప్పకుండా వెంట్రుకంత తెరిచాం. మొదట వచ్చిన మడ్డిని మళ్ళీ మెల్లిగా పైన పోశాం. కొంచెం సేపటికి గాజు గ్లాసులో తేనె రంగు తేట నిండింది. గ్లాసును దినపత్రిక మీద పెట్టి చూశాం. పైనుంచి చూస్తే గ్లాసు అడుగున అక్షరాలు చదువుకునేట్టు కనిపించాయి. అది మా పరీక్ష. అంతవరకూ ఏనాడూ అక్షరం కనిపించలేదు. అన్న నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు గెలిచినావు పాపా!" అన్నాడు. అమ్మ ఆ తియ్యటి తేటలో పాలు కలిపి అందరికీ తలా గ్లాసు ఇచ్చింది. నా జీవితంలో నేను తాగిన అత్యంత రుచికరమైన పానీయం అది. ఆ నెలలోనే రెండోసారి రాసిన ఎంసెట్‌లో నాకు మళ్ళీ కుప్పమే, మళ్ళీ మెకానికలే వచ్చింది. నాకు ఇంకేం కావాలి?

బెంగుళూరు ఆసామి స్వయంగా చూడటానికి వచ్చాడు. అతని ఎదుట పెద్ద ఎత్తున దించి చూపించాం. నేను వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాను. అతను పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి, సందుల మీద గోరుతో గీచి, "ఇది చాలా బాగుంది. ఎవరు చేశారు?" అని అడిగాడు. అన్న నావైపు చూడలేదు. "నేనే సార్" అన్నాడు. అతను పోయాక అడిగాను. అన్న నన్ను బుజ్జగించాడు. "నీ మంచికే సెప్పినా. బీరు సామాను పెండ్లిగాని ఆడపిల్ల సేసిందని తెలిస్తే నీకు సంబంధం వస్తాదా? నీ పేరు యాల బయటికి రావాల?" అన్నాడు. కుప్పం పోతే చాలు, పేరు వాడినే పెట్టుకోనీ అనుకున్నాను.

వడకట్టాక మిగిలే పిప్పిని పక్కింటి మునెమ్మక్క ఆవు గౌరికి పెట్టేవాళ్ళం. రోజూ నేను ఒక దోసెడు మాత్రం గడ్డిలో కలిపి పెట్టేదాన్ని, మిగతాది పెరట్లో ఎరువు గుంతలో వేసేదాన్ని. ఆసామి వచ్చిన రోజు పిప్పి గంపలకొద్దీ మిగిలింది. అతను పెరడు చూస్తానంటే, శుభ్రంగా కనపడాలని అన్న ఆ గంపలన్నీ ఎత్తుకుపోయి గౌరి తొట్టిలో కుమ్మరించాడు. నా కళ్ళతో చూశాను. ఆవు ఆశకొద్దీ మొత్తం తినేసింది. మర్నాటి ఉదయానికి పొట్ట డోలులాగా ఉబ్బి, కాళ్ళు తడబడి పడిపోయింది. వీధి వీధంతా మూగింది. ఎవరో, "ఈళ్ళింట్లో సారాయి కాస్తాండారు, ఆ మడ్డి తాగించినారు, ఆవు తూగతాండాది సూడండి!" అన్నారు. ఇక చూసుకోండి. ఆవుకు సారాయి తాగించిన ఇల్లు అనే మాట ఊరు చుట్టి వచ్చింది. అసలు ఆ పిప్పిలో మత్తు చుక్కైనా లేదు, అది ఇంకా పులియనే లేదు. ఈ మాట చెప్పాల్సింది అన్న.

మునెమ్మక్క మా వాకిట్లోకి వచ్చి నిలబడి ఏడుస్తూ, "శేఖరప్పా, నా ఆవుకు ఏం బెట్నారు? ఎవురు బెట్నారు? సెప్పండి!" అంది. ఆమె వెనక వీధంతా ఉంది. నాయన మొహం చెల్లక అంగడి తలుపు సగం మూశాడు. నేను అన్న పక్కనే నిలబడి ఉన్నాను. అన్న నేలచూపులు చూసి, "నాకు తెలీదక్కా. పాపే పెడతాది రోజూ" అన్నాడు.

పళ్ళెం ఎవరు చేశారంటే నేనే అన్నవాడు, పిప్పి ఎవరు పెట్టారంటే పాప అన్నాడు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య నా మంచి ఎక్కడ పోయిందని వాడిని ఆ వాకిట్లోనే అడగాల్సింది. వీధంతా నావైపు తిరిగింది. పశువుల డాక్టరు వచ్చి, గొట్టం వేసి గాలి తీసి, "మత్తూ లేదు గిత్తూ లేదు, ధాన్యం ఎక్కువ తిని కడుపు ఉబ్బరించింది" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. గౌరి రెండు రోజుల్లో లేచి గడ్డి మేసింది. అయినా ఎవరూ డాక్టరు మాట గుర్తుపెట్టుకోలేదు. నేను అంగడి ముందు కనిపిస్తే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. నాయన అన్నం ముందు కూర్చుని, కంచం కొట్టి చూడటం కూడా మరిచి, "పాప పేరు వీధిలో పడింది. ఇంక సదువూ గిదువూ అనొద్దు. ఈ మాట ఊరు దాటకముందే పెండ్లి సేయాల" అన్నాడు. అన్న పక్కనే అన్నం తింటున్నాడు. పిప్పి నేను పెట్టాను నాయనా అని ఒక్క మాట అంటే చాలు. పాపను కుప్పం పంపిద్దాం నాయనా అని అన్నా చాలు. చారు వడ్డించమని అమ్మను అడిగాడు. అమ్మ గిన్నె ఎంత గట్టిగా దించిందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ఇంట్లో నా తరఫున జరిగిన తిరుగుబాటు ఆ చప్పుడు ఒక్కటే.

కాలేజీలో చేరాల్సిన గడువు వచ్చి పోయింది. అన్న పళ్ళెం పట్టుకుని బెంగుళూరు పోయాడు. అక్కడే ఎవరో చెబితే సంబంధం కూడా వాడే చూసి వచ్చాడు. పెళ్ళికొడుకుది కుప్పం. రైల్వేస్టేషను దగ్గర టైర్ల అంగడి. పుంగనూరు మాట అంత దూరం రాలేదని అందరూ గుండెల మీద చెయ్యేసుకున్నారు. నా భర్త మంచివాడు. ఒక్కనాడు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. దానికీ నా బాధకూ సంబంధం లేదు. ఉదయం బండి వచ్చిందంటే డ్రాయింగు చుట్టలు చంకలో పెట్టుకుని ఆడపిల్లలు గుంపుగా దిగి, మా అంగడి ముందునుంచే కాలేజీకి పోయేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వేళకు నేను వెనక గదిలోకి పోయి ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని. ఇప్పుడు పోను. చూస్తూ కూర్చుంటాను. ఇప్పటి పిల్లలు ప్యాంట్లు వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నవ్వుకుంటూ పోతారు. వాళ్ళను పంపడానికి ఏ ఇంట్లోనూ ఎవరూ పళ్ళెం కోయాల్సిన పని లేదు. రాగిబీరు ఇప్పుడు బెంగుళూరులో గొప్పవాళ్ళు తాగేదట. మా మేనల్లుడు దాని ఫోటో ఫోనులో చూపించి, "అత్తా, మన రాగులే!" అన్నాడు. కాలం మారిందని అందరూ సంతోషిస్తారు. నేనూ సంతోషించాలనే చూస్తాను. కానీ ఇంత సులభంగా మారేదే అయితే, అప్పుడే ఎందుకు మారలేదు?

అన్నకు షుగరు ముదిరి, పోవడానికి ముందు ఆసుపత్రిలో ఉంటే చూడటానికి పోయాను. వదిన టిఫిను తేవడానికి కిందికి పోయింది. గదిలో మేమిద్దరమే. సన్నగా అయిపోయాడు. చెయ్యి పట్టుకుంటే ఎముకలు తగిలాయి. చాలాసేపు పుంగనూరు ఇంటి మాటలు మాట్లాడాడు, అవ్వను తలుచుకుని నవ్వాడు. ఇప్పుడైనా ఆ వాకిట్లో అన్న మాట గురించి ఏమైనా అంటాడని కాచుకుని కూర్చున్నాను. నా చెయ్యి నొక్కి, "ఒగటి మాత్రం నిజం పాపా. నాయన అంత అడ్డం పడినా, నీకిచ్చిన మాట నేను తప్పలేదు. కుప్పం పంపిస్తానంటి, పంపిస్తి" అన్నాడు.

వెక్కిరింత ఏమో అని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అనుకుంటున్నాడు. వాడికి ఊరి పేరు గుర్తుంది. ఎందుకు పోతానన్నానో అది గుర్తులేదు. నేను అవునంటే విని కళ్ళు మూసుకుందామని, అంత జబ్బులోనూ తల కొంచెం పైకెత్తి నావైపే చూస్తున్నాడు.

"అవునన్నా, పంపిస్తివి" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.